థైరాయిడ్ కణం ఆమ్లాన్ని ఎందుకు కాపాడుకుంటుంది

(భీమవరంలో, ఒక డిగ్రీ కళాశాల సెమినార్ హాల్లో జనవరి నెలలో విద్యార్థులకు, ఊరివాళ్లకు కలిపి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పండగ పనులన్నీ పక్కనపెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసల్లో బీఎస్సీ పిల్లలున్నారు. వెనక వాళ్ల అమ్మానాన్నలు, ఆ తలుపు పక్కన చెరువుల రైతులు కూడా కనిపిస్తున్నారు. ఎక్కడైనా అర్థం కాకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. ఆగి మళ్లీ చెబుతాను.

పొద్దున్నే లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. కిందటిసారి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, ఎంత వచ్చిందో, డోసు యాభయ్యో డెబ్బై అయిదో వాళ్లకి నోటికొచ్చు. హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలని, అయోడిన్ ఉప్పు వాడాలని కూడా అందరూ విన్నదే. అయితే తయారైన హార్మోన్ గ్రంథిలోంచి రక్తంలోకి ఎలా వస్తుందన్నది మాత్రం మనకి ఎవరూ చెప్పరు. పాఠ్యపుస్తకాల్లో కూడా ఒక్క వాక్యంతో సరిపెడతారు. నాకు ఎప్పటినుంచో ఆ వాక్యం దగ్గర అసంతృప్తి. ఎందుకంటే అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఆ కష్టం ఏమిటో, అందులో ఆమ్లానికి పనేమిటో ఈరోజు చెబుతాను.

గ్రంథి లోపలికి వెళ్దాం. మెడ ముందు భాగంలో ఉంటుంది, బరువు ఇరవై గ్రాములకి అటూ ఇటూ. దాన్ని పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి గదులు గుంపులుగా కనిపిస్తాయి. ఒక్కో గది చుట్టూ ఒకే వరస కణాలు. మధ్యలో గులాబీ రంగు పదార్థం చిక్కగా నిండి ఉంటుంది. దాని పేరు కొల్లాయిడ్. జువాలజీ పిల్లలు స్లయిడ్ చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు ఆ గులాబీ ముద్ద అంచులు గమనించండి. గ్రంథి చురుగ్గా పనిచేస్తుంటే, కణాలకి ఆనుకున్న చోట అంచు నున్నగా ఉండదు. చిన్నచిన్న తెల్లటి గుంటలు పడి ఉంటాయి. కణాలు కొల్లాయిడ్‌ను లోపలికి లాక్కున్న చోట్లు అవి. నేను చెప్పబోయే కథంతా ఆ గుంటల దగ్గరే మొదలవుతుంది.

కొల్లాయిడ్‌లో ఉండేది ముఖ్యంగా ఒకే ప్రోటీన్, థైరోగ్లోబ్యులిన్. చాలా పెద్దది, దాని బరువు 6,60,000 డాల్టన్లు. ఒకేలాంటి రెండు భాగాలు కలిసి ఉంటాయి. ఒక్కో భాగం 2,700కి పైగా అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో టైరోసిన్లు అనే అమైనో ఆమ్లాలు అరవైకి పైగా ఉంటే, కొన్నిటికి అయోడిన్ అతుక్కుంటుంది. అలా అయోడిన్ పట్టిన టైరోసిన్లలో సరిగ్గా ఎదురుబొదురుగా ఉన్న ఏ రెండో కలిసి హార్మోన్ అవుతాయి. నాలుగు అయోడిన్లుంటే టీ4, మూడుంటే టీ3. అంత పెద్ద ప్రోటీన్‌లో అలా హార్మోన్‌గా మారే చోట్లు చాలా కొద్ది. పైగా మారిన తర్వాత కూడా ఆ హార్మోన్ గొలుసులో భాగంగానే ఉంటుంది. విడిగా తిరగదు, రక్తంలోకి రాలేదు.

అంటే గ్రంథి నిండా హార్మోన్ ఉంది, వాడుకోవడానికి మాత్రం లేదు. మామూలు మనిషి థైరాయిడ్‌లో రెండు మూడు నెలలకి సరిపడా హార్మోన్ ఇలా నిల్వ ఉంటుంది. ఇంత నిల్వ పెట్టుకునే హార్మోన్ గ్రంథి ఒంట్లో ఇంకోటి లేదు. అయోడిన్ రోజూ దొరుకుతుందన్న నమ్మకం లేని జీవులకి ఈ నిల్వ ప్రాణాధారం అయి ఉంటుందని నా అభిప్రాయం. మనం సముద్రం పక్కనున్నాం, చేపా రొయ్యా తింటాం. కొండప్రాంతాల వాళ్లకి ఆ అవకాశం లేదు. హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో 1956లో మొదలైన అధ్యయనం అయోడిన్ ఉప్పుతో గాయిటర్, అంటే థైరాయిడ్ ఉబ్బి మెడ వాచే జబ్బు, తగ్గుతుందని చూపించింది. దాన్ని నడిపించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి మన శ్రీకాకుళంలో పుట్టినవారే. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. పిల్లలు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

సరే, నిల్వ ఉన్న హార్మోన్ కావలసి వచ్చింది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి టీఎస్‌హెచ్ వస్తుంది. దాన్ని అందుకున్న థైరాయిడ్ కణం కొల్లాయిడ్‌ను కొంచెం కొంచెంగా లోపలికి తీసుకుంటుంది. అలా లోపలికొచ్చిన బొట్టు చుట్టూ పొర ఉంటుంది. ఆ బొట్టుతో లైసోజోములు, అంటే కణంలో ఉండే ఎంజైముల సంచులు, వచ్చి కలుస్తాయి. లైసోజోమ్‌లో క్యాథెప్సిన్లు అనే ఎంజైములుంటాయి. క్యాథెప్సిన్ బీ, డీ, ఎల్, ఎస్ అని రకాలు. అవి థైరోగ్లోబ్యులిన్ గొలుసును ముక్కలు ముక్కలు చేస్తే టీ4, టీ3 విడివడతాయి. ఈ కోత కొంత కణం బయట, కొల్లాయిడ్‌లోనే మొదలవుతుందని కూడా తేలింది. క్యాథెప్సిన్ కె, క్యాథెప్సిన్ ఎల్ రెండూ లేకుండా చేసిన ఎలుకల్లో రక్తంలో టీ4 తగ్గిపోయింది. గ్రంథిలో సరుకు లేక కాదు, కోసే ఎంజైములు లేక.

హార్మోన్‌గా మారని, అయోడిన్ పట్టిన టైరోసిన్లు మిగులుతాయి కదా, వాటిని కణం పారేయదు. వాటి మీది అయోడిన్‌ను ఇంకో ఎంజైమ్ విడదీసి మళ్లీ వాడకానికి ఇస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ లోపించినవాళ్లకి అయోడిన్ మూత్రంలో పోయి గాయిటర్ వస్తుంది.

ఇక ఆమ్లం సంగతి. రైతులకి పీహెచ్ గురించి నేను చెప్పక్కర్లేదు, చెరువు నీళ్లు ఏడున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య ఉండేలా చూసుకుంటారు. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. కణం లోపలి ద్రవం పీహెచ్ 7.2 దగ్గర ఉంటుంది. అందులోనే తేలుతున్న లైసోజోమ్ లోపల మాత్రం 4.5 నుంచి 5. సగటున 4.7 అనుకుంటే, లోపల ఆమ్లత్వం బయటికన్నా మూడు వందల రెట్లకు పైగా ఎక్కువ. మధ్యలో ఉన్నది రెండు వరసల కొవ్వు అణువుల పొర మాత్రమే.

ఆ ఆమ్లం ఎందుకంటే, క్యాథెప్సిన్లు తయారైనప్పుడు పనిచేసే స్థితిలో ఉండవు. కోసే చోటుకి అడ్డంగా వాటి గొలుసులోని భాగమే ఒకటి కూర్చుని ఉంటుంది. పీహెచ్ తగ్గినప్పుడు ఆ పట్టు సడలి, అడ్డు తెగిపోయి, ఎంజైమ్ పనిలోకి దిగుతుంది. ఇంకోపక్క, కొయ్యాల్సిన థైరోగ్లోబ్యులిన్ కూడా మామూలు ప్రోటీన్ కాదు. ఒక్కో భాగంలో సిస్టీన్లు అనే, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు వందకు పైగా ఉండి, వాటి మధ్య గంధకపు బంధాలు గట్టిగా బిగిసి ఉంటాయి. ఆమ్లంలో ఆ ప్రోటీన్ మడతలు కొంత వదులైతేనే ఎంజైములకి చోటు దొరుకుతుంది. మన పుస్తకాల్లో లైసోజోములను ఆత్మహత్యా సంచులు అని రాసి వదిలేస్తారు. ఈ ఎంజైములు పొర చిరిగి బయటపడినా, 7.2 దగ్గర చాలావాటికి పెద్దగా బలం ఉండదు. ఆమ్లం కావాలన్న షరతే కణానికి రక్షణ కూడా అవుతోంది. పిల్లలకి ఈ సంగతి చెప్పకుండా ఆత్మహత్య అన్న మాట ఒక్కటే చెప్పడం అన్యాయం.

అసలు ఈ సంచి ఉందని కనిపెట్టింది బెల్జియంలోని లూవాన్‌లో క్రిస్టియన్ డి డువ్. ఆయన కాలేయంలో ఇన్సులిన్ ఏం చేస్తుందో వెతుకుతున్నారు. యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ను పోలిక కోసం పక్కన కొలిచేవారు. కణాలను నెమ్మదిగా నలిపినప్పుడు ఆ ఎంజైమ్ ఉండాల్సినదానిలో పదో వంతే కనిపించింది. అదే సరుకును కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ కొలిస్తే అమాంతం పెరిగింది. పొరపాటు జరిగిందని పారబోసి ఉంటే అక్కడితో పోయేది. ఆయన మాత్రం ఎంజైమ్ ఏదో పొర లోపల మూసి ఉందని, నిల్వలో ఆ పొర దెబ్బతిన్నదని ఊహించారు. 1955లో దానికి లైసోజోమ్ అని పేరు పెట్టారు. 1974లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. లైసోజోమ్‌లో ఆమ్లం దానంతట అది ఉండదు. ఆమ్లత్వాన్నిచ్చేవి ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు. అవి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి కారిపోవాలనే చూస్తాయి. వాటిని ఎదురు తోసి లోపల నింపే యంత్రం ఒకటి పొరలో ఉంటుంది, పేరు వీ-ఏటీపేజ్. అది నడిచేది ఏటీపీ మీద, అంటే కణానికి శక్తినిచ్చే అణువు మీద. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవారిలో ఒకరు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టారు. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి, ఒకే ఏడాది దాన్ని పట్టుకున్నారు. అంతకుముందే, 1925లో, ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు ప్రచురించారు. ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఏ ఎంజైమ్‌నైనా కొలవాలంటే ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచంలోని ల్యాబులు ఆ పద్ధతినే వాడాయి. ఆయన 1948లోనే పోయారు. లైసోజోమ్ పేరు ఆయన వినలేదు. కానీ ఆ సంచి పొర మీద క్షణక్షణం ఖర్చవుతున్నది ఆయన పట్టుకున్న అణువే. ఈ మాట ఈ ఊళ్లో నిలబడి చెప్పడం నాకు గర్వంగా ఉంది.

ఆ యంత్రాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. కణద్రవం వైపు ఒక తల ఉంటుంది. అందులో ఏటీపీ విడిపోయే చోట్లు మూడు. పొరలో ఒక చక్రం ఉంటుంది, దాని అంచున ప్రోటాన్ పట్టుకునే చోట్లు పది. ఏటీపీ విడిపోయినప్పుడల్లా మధ్యలోని ఇరుసు కొంత తిరుగుతుంది. దాంతోపాటు చక్రమూ తిరుగుతుంది. మూడు ఏటీపీలు ఖర్చయ్యేసరికి ఒక చుట్టు పూర్తయి, పది ప్రోటాన్లు లోపలికి చేరతాయి. నిజంగానే గిరగిరా తిరిగే యంత్రం అండి, మాటవరసకి అంటున్నది కాదు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో దీని దాయాది ఉంది, అది తిరగబడి నడిచి ఏటీపీని తయారుచేస్తుంది. దాని పనితీరు విప్పిచెప్పినందుకే బోయర్‌కీ వాకర్‌కీ 1997లో నోబెల్ ఇచ్చారు. కణానికి అవసరమైనప్పుడు వీ-ఏటీపేజ్ తలను చక్రం నుంచి ఊడదీసి పని ఆపేస్తుంది, మళ్లీ కావాలంటే తగిలిస్తుంది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన చిక్కు ఒకటుంది. పిల్లలూ, కాగితం తీసుకోండి. అర మైక్రాన్ అడ్డం ఉన్న ఒక లైసోజోమ్ తీసుకుందాం. పీహెచ్ 4.7 అంటే అంత చిన్న సంచిలో స్వేచ్ఛగా తిరిగే ప్రోటాన్లు ఎన్నుంటాయో లెక్కకట్టండి. ఎనిమిది వందలు కూడా రావు. అంతేనా అనిపిస్తుంది. కానీ లోపలున్న ప్రోటీన్లు వచ్చిన ప్రోటాన్‌ను వచ్చినట్టు పట్టేసుకుంటాయి. అందువల్ల పీహెచ్ ఒక్క అంకె దించాలంటే తోడిపోయాల్సినవి లక్షల్లో ఉంటాయి. సరే, యంత్రం ఉంది కదా, పోస్తుంది అనుకోవచ్చు. అయితే ప్రోటాన్‌కి ధన విద్యుత్తు ఉంది. అంత చిన్న పొర మీద, ఇంకే మార్పూ లేకుండా, ఐదు వేల ప్రోటాన్లు లోపలికి పోయేసరికే వోల్టులో పదో వంతు వోల్టేజీ పుడుతుంది. ఆ ఎదురు ఒత్తిడికి యంత్రం మొరాయిస్తుంది. లక్షలు పొయ్యాల్సిన చోట వేల దగ్గరే ఆగిపోతుందన్నమాట.

మరి కణం ఏం చేస్తుందంటే, విద్యుత్తును సరిచెయ్యడానికి ఇంకో దారి తెరుస్తుంది. పొటాషియం లాంటి ధన అయాన్లను బయటకు వదులుతుంది, రుణ అయాన్ అయిన క్లోరైడ్‌ను లోపలికి తెస్తుంది. క్లోరైడ్‌ను తెచ్చే ప్రోటీన్ పేరు సీఎల్‌సీ-7. అది రెండు క్లోరైడ్లు లోపలికి తెచ్చి ఒక ప్రోటాన్‌ను బయటకు పంపిస్తుంది. కష్టపడి తెచ్చుకున్న ప్రోటాన్‌ను అలా వదులుకోవడం దేనికని చాలాకాలం వాదన నడిచింది. ఆ ప్రోటీన్ లోపిస్తే పిల్లల్లో ఎముకలు రాయిలా గట్టిపడే ఆస్టియోపెట్రోసిస్ వస్తుంది. ఎలుకల్లో దాన్ని ప్రోటాన్ వదలకుండా క్లోరైడ్ మాత్రమే పంపేలా మార్చి చూశారు. పీహెచ్ మామూలుగానే ఉంది, జబ్బు మాత్రం వచ్చింది. అంటే లైసోజోమ్‌కి ఆమ్లం ఒక్కటే చాలదు, లోపల క్లోరైడ్ కూడా తగినంత ఉండాలి. ఇక ఆమ్లం మరీ ఎక్కువైతే ప్రోటాన్లను బయటకు వదిలే దారి కూడా ఉంది, టీఎంఈఎం175 అని. దానిలో తేడాలకీ పార్కిన్సన్ జబ్బుకీ సంబంధం కనిపిస్తోంది. తోడిపోత, కారిపోత రెండూ సమానమైన చోట పీహెచ్ నిలబడుతుంది. అది ఎప్పుడూ ఏటీపీ ఖర్చు చేస్తూ నిలబెట్టుకోవాల్సిందే.

ఇంత చిన్న సంచిలో పీహెచ్ ఎలా కొలిచారని ఒక అమ్మాయి ఇందాక బయట అడిగింది. మంచి ప్రశ్న. 1978లో ఓకుమా, పూల్ అనే ఇద్దరు, ఆమ్లంలో మసకబారే మెరుపు రంగు ఒకదాన్ని డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుకి అతికించి కణాలతో మింగించారు. అది లైసోజోముల్లోకి చేరింది. ఆ మెరుపును బట్టి పీహెచ్ 4.7, 4.8 దగ్గర ఉందని తేల్చారు. తర్వాత బయట అమ్మోనియం క్లోరైడ్ గానీ, క్లోరోక్విన్ అనే మలేరియా మందు గానీ కలిపితే లోపలి పీహెచ్ వెంటనే పైకి లేచింది.

ఎందుకు లేచిందో చెరువుల రైతులకి తెలుసు, తెలుసని వాళ్లకి తెలియదంతే. మేత మిగిలితే చెరువులో అమ్మోనియా పెరుగుతుంది. అదే అమ్మోనియా పొద్దున్న అంతగా బాధించదు, మధ్యాహ్నం ఎండలో పీహెచ్ తొమ్మిదికి పోయిందంటే రొయ్య తల్లడిల్లిపోతుంది. కారణం ఏమిటంటే, పీహెచ్ ఏడు దగ్గర అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విడి అమ్మోనియాగా ఉండదు, మిగతాదంతా ప్రోటాన్ పట్టుకుని అమ్మోనియం అయి ఉంటుంది. తొమ్మిది దగ్గర మూడో వంతు పైనే విడిగా ఉంటుంది. ప్రోటాన్ లేని అమ్మోనియా మొప్పల పొరలోంచి సులువుగా దూరిపోతుంది, ప్రోటాన్ పట్టుకున్నది అంత సులువుగా దూరలేదు. లైసోజోమ్ పొర దగ్గర కూడా ఇదే. అమ్మోనియా గానీ క్లోరోక్విన్ గానీ ప్రోటాన్ లేకుండా లోపలికి దూరుతుంది. లోపల ప్రోటాన్లు దండిగా ఉన్నాయి కాబట్టి ఒకటి పట్టుకుంటుంది. ఇక బయటకు రాలేదు. ఒక్కో అణువూ ఒక్కో ప్రోటాన్‌ను మింగేస్తుంటే, క్లోరోక్విన్ అయితే రెండేసి పట్టుకుంటుంటే, ఆమ్లం పలచబడక ఏమవుతుంది?

థైరాయిడ్ కణాలకి ప్రయోగశాలలో క్లోరోక్విన్ ఇస్తే థైరోగ్లోబ్యులిన్ కోత మందగిస్తుంది. బొట్లు లోపలికి వస్తాయి, కరగవు. ఇది విని, కీళ్లవాతానికీ లూపస్‌కీ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నవాళ్లు టెన్షన్ పడి మానెయ్యకండి. ప్రయోగశాల గిన్నెలో పోసే మోతాదు వేరు, డాక్టరు రాసే డోసు వేరు.

జబ్బుల్లో దీన్ని అన్నిటికన్నా బాగా చూపించేది సిస్టినోసిస్. అరుదైన జబ్బు. ప్రోటీన్లు తెగాక మిగిలే సిస్టీన్ జంటలను లైసోజోమ్ బయటకు పంపాలి. పంపే ప్రోటీన్ ఆ పనికి ప్రోటాన్‌నే వాడుకుంటుంది, సిస్టీన్ జంటతోపాటు ప్రోటాన్ కూడా బయటకు జారుతుంది. ఆ ఒరవడే దానికి బలం. అంటే ఆమ్లం కోతకే కాదు, కోసిన ముక్కలు బయటకు తరలించడానికి కూడా పనికొస్తోంది. ఆ ప్రోటీన్ లోపించిన పిల్లల్లో లైసోజోముల నిండా స్ఫటికాలు పేరుకుంటాయి. ముందు కిడ్నీలు దెబ్బతింటాయి. తర్వాత చాలామందికి థైరాయిడ్ కూడా మందగిస్తుంది. అన్ని గంధకపు బంధాలున్న ప్రోటీన్‌ను రోజూ కోసే గ్రంథి అది, దెబ్బ తగలకుండా ఎలా ఉంటుంది? సిస్టియమీన్ అనే మందు లైసోజోమ్‌లోకి వెళ్లి ఆ జంటను విడగొడుతుంది, ఆ ముక్క ఇంకో దారిలో బయటకు పోతుంది. చిన్నప్పుడే మొదలుపెడితే కిడ్నీలను చాలాకాలం కాపాడుకోవచ్చు.

(సభలోంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న: "నేను థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర రెండూ పరగడుపునే వేసుకుంటున్నానండి. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది కదా, మీరు చెప్పిన ఆ ఆమ్లాన్ని కూడా తగ్గిస్తుందా?")

కూర్చోండమ్మా, చాలా అవసరమైన ప్రశ్న అడిగారు. కడుపులో ఆమ్లం పోసే యంత్రం వేరు. అది తిరిగే రకం కాదు, ఒక ప్రోటాన్‌ను బయటకు తోసి ఒక పొటాషియంను లోపలికి తీసుకుంటుంది. ఒమెప్రజోల్, ప్యాంటోప్రజోల్ లాంటి మాత్రలు పీహెచ్ ఒకటి దగ్గర ఉండే చోట పేరుకుని, అక్కడ మారిపోయి, ఆ యంత్రానికి అతుక్కునేలా తయారుచేసినవి. లైసోజోమ్ 4.7కి ఆ బలం లేదు. కాబట్టి మీ థైరాయిడ్ కణాల గురించి ఆ భయం అక్కర్లేదు. ఇంకో విషయం, మీరు వేసుకునే మాత్రలో ఉన్నది గొలుసు నుంచి విడిగా ఉన్న టీ4. దానికి లైసోజోమ్ కోతతో పని లేదు. గ్రంథి చెయ్యాల్సిన ఆ కష్టమంతా మాత్ర దాటేస్తుంది.

అయితే ఆ మాత్ర కడుపులో బాగా కరగాలంటే కడుపులోని ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్ర రోజూ, ఎక్కువకాలం వాడేవాళ్లలో కొందరికి థైరాయిడ్ డోసు పెంచాల్సి వస్తుందని 2006లో ఒక అధ్యయనం చూపించింది. గంట ఆగి వేసుకుంటే సరిపోతుందనుకోకండి, గ్యాస్ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది. మీరంతట మీరు ఏదీ మానొద్దు. రెండూ వాడుతున్నానని డాక్టరు గారికి చెప్పండి. గ్యాస్ మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, ఆపేసినా, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోండి. కాల్షియం, ఐరన్ మాత్రలకి మాత్రం థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచండి, ఎందుకంటే అవి పేగులోనే దాన్ని పట్టేసుకుంటాయి.